సింగరాయకొండ డీటీపీ సెంటర్ పాత సిస్టమ్: ఏ పని ఇంట్లో, ఏ పని షాపులో

ముందు సిస్టమ్ వివరాలు. మూడో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. 2013 ప్రాంతంలో ఒంగోలులో అసెంబుల్ చేయించుకున్న మెషీన్. ఉండేది సింగరాయకొండలో ఒక డీటీపీ, జిరాక్స్ సెంటర్‌లో. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, కర్మ పత్రికలు, ఫ్లెక్సీల మ్యాటర్, అన్నీ పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో, అనూ అనే తెలుగు ఫాంట్లతోనే. పదేళ్లకు పైగా చేసిన కార్డుల ఫైళ్లన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి, ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఇలాంటి సెంటర్లు మన జిల్లాలో ఊరికి ఒకటన్నా ఉంటాయి, చాలావాటిలో పరిస్థితి ఇదే, అందుకే ఒంగోలులో కంప్యూటర్ రిపేర్ షాపు నడిపేవాణ్ణిగా ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు, డేట్ టైమ్ సెట్ కాలేదు, ఎఫ్1 నొక్కితే సెటప్‌లోకి, ఎఫ్2 నొక్కితే డీఫాల్ట్ సెట్టింగులు వేసుకుని ముందుకు. ఈ మెసేజ్ వాళ్లకు కొత్త కాదు, కొన్ని నెలల నుంచి అప్పుడప్పుడూ వస్తానే ఉంది, ఓనరు ఎఫ్1 నొక్కి లోపలికెళ్లి ఏమీ ముట్టుకోకుండా బయటికి వచ్చేవాడు, విండోస్ మామూలుగా వచ్చేది. ఆ రోజు ఓనరు లేడు, పనిలో ఉన్న కుర్రాడు ఎఫ్2 నొక్కాడు. అప్పటి నుంచి విండోస్ లోగో రావడం, బ్లూ స్క్రీన్ ఒక్క క్షణం మెరవడం, రీస్టార్ట్ అవడం, మళ్లీ లోగో. తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి (అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ వేయాలి), 500 అవుద్ది అన్నాడంట. ఓనరు కొడుకు ఇక్కడ ఒంగోలులోనే బీటెక్ చదువుతున్నాడు, దానికి 500 ఎందుకు, యూట్యూబ్‌లో చూసి నేనే కొట్టేస్తా అన్నాడు. విండోస్ 7 ఫైల్ మంచిది ఎక్కడ దొరుకుద్దో కనుక్కుందామని నాకు ఫోన్ చేశాడు. "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్దంట గదన్నా, పెన్‌డ్రైవ్ నా దగ్గరుంది" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. తండ్రీ కొడుకులు ఇద్దరూ సొంతంగా చేసుకుందామా, డబ్బులిచ్చి చేయిద్దామా అని మాట్లాడుకుంటున్నారు, కానీ చేయాల్సిన పని ఫార్మాటే అన్నదాన్ని ఇద్దరూ అప్పటికే ఒప్పేసుకున్నారు. ఆ పని 500కి చేసినా ఊరికే చేసినా పోయేది ఒకటే, ఆ ఫైళ్లు. ఎవరు చేయాలనే ప్రశ్న రెండోది. అసలు ఏం పాడైందో తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. పాత సిస్టమ్ విషయంలో నేను డబ్బులు తీసుకునేది ఎక్కువగా ఆ తేల్చే పనికే, స్క్రూలు తిప్పడానికి కాదు.

ఫోన్‌లోనే కొన్ని అడిగాను. డేట్ వెనక్కి పోవడం ఎన్నాళ్ల నుంచి ఉంది, ఫైళ్లు ఇంకెక్కడన్నా ఉన్నాయా, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో టైప్ చేయడానికి వాడే అనూ స్క్రిప్ట్ మేనేజర్ సీడీలు ఉన్నాయా, పని చేస్తుండగా ఉన్నట్టుండి ఆఫ్ అవుతోందా, ఫైల్ సేవ్ కొడితే బిగుసుకుపోతోందా. డేట్ సంగతి నెలల నుంచి ఉంది. కాపీ లేదు. సీడీలు ఎక్కడున్నాయో తెలియదు, అవి ఎప్పుడో ఎవరో వేసిచ్చినవి. ఆఫ్ అవుతోంది, ముఖ్యంగా ప్రింట్ ఇచ్చేటప్పుడు. సేవ్ కొడితే ఒక్కోసారి నిమిషం పాటు కదలదు. ఈ చివరి మాట వినగానే, ఇంక ఆన్ చేయొద్దు, సీపీయూ తీసుకొచ్చెయ్ అన్నాను.

అనూ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి కాదు. ఆ ఫాంట్లు లేకపోతే ఆ ఫైళ్లు తెరిచినా తెలుగు కనపడదు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫార్మాట్ కొట్టాక ఫైళ్లు ఏదోలా వెనక్కి తెచ్చినా సగం పనే అయ్యేది. వాళ్లకు కావాల్సింది విండోస్ కాదు, ఆ విండోస్ మీద అన్నాళ్లుగా కుదురుకున్న సెటప్ మొత్తం.

షాపుకి వచ్చాక నేను ఆ డిస్కు నుంచి విండోస్ బూట్ చేయలేదు. విండోస్ బదులు లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి డిస్క్ స్మార్ట్ రిపోర్టు చూశాను. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం గురించి లోపల లెక్క రాసుకుంటుంది, అందులో నేను ముందుగా చూసేవి రెండు. ఐదో నంబరు, అంటే పాడైన సెక్టార్ల (డిస్కులో డేటా రాసుకునే చిన్న చిన్న గళ్ల) బదులు వేరేవి ఇచ్చిన లెక్క, ఇంకోటి 197, అంటే చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలని సెక్టార్ల లెక్క. రెండూ సున్నా ఉండాలి. ఈ డిస్కులో రెండూ సున్నా కాదు, 197 బాగానే పెరిగి ఉంది. సేవ్ కొడితే నిమిషం బిగుసుకుపోవడం దీనివల్లే, డిస్క్ అదే చోట మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తా ఉంటుంది. విండోస్‌లో ఇదే చూడాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, తెరవగానే డిస్క్ బాగుంటే నీలం, అనుమానం ఉంటే పసుపు రంగు చూపిస్తుంది. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోదగ్గ పని, దీనికి ఏ షాపుకీ వెళ్లక్కర్లేదు.

మరి బ్లూ స్క్రీన్? అది డిస్క్ వల్ల వచ్చింది కాదు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించే సీమాస్ బ్యాటరీ బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉంటుంది, సీఆర్2032, కొత్తది 3 వోల్టులు ఉండాలి, ఇది మీటర్ పెడితే 2 కూడా లేదు. స్విచ్ బోర్డు దగ్గర ఆపినప్పుడల్లా, కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఆగిపోతోంది, అందుకే ఆ మెసేజ్. ఎఫ్2 నొక్కేసరికి బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులన్నీ కంపెనీ ఇచ్చిన మొదటి స్థితికి వెళ్లాయి. డిస్కుతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగు సాటా మోడ్, ఆ బోర్డులో దాని మొదటి స్థితి ఐడీఈ అనే పాత పద్ధతి. వీళ్ల విండోస్ వేసింది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో. విండోస్ 7కి ఈ ఒక్కటి మారితే చాలు, తన డిస్కే తనకు కనపడక 0x0000007B అనే కోడ్‌తో బ్లూ స్క్రీన్ వేసి పడిపోతుంది. స్క్రీన్ ఆగకుండా మెరిసి పోతుంటే, ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేసే ఆప్షన్ ఎంచుకుంటే కోడ్ చదువుకోవడానికి నిలబడుతుంది. ఆ కోడ్ ఒక్కటి ఫోన్‌లో ఫొటో తీసి పంపినా ఫార్మాట్ అనే మాట ఎవరూ అనేవాళ్లు కాదు.

అంటే 40 రూపాయల బ్యాటరీ, బయోస్‌లో ఒక్క సెట్టింగు. ఇది వినగానే ఆ అబ్బాయి మొహం వెలిగింది, "అయితే నేనే మార్చుకుంటానన్నా, తీసుకెళ్తా" అన్నాడు. మార్చుకోగలడు కూడా. కానీ ఆ ఒక్కటి చేసి పంపితే సిస్టమ్ ఆన్ అయ్యేది, అందరికీ సంతోషం, పెళ్లిళ్ల సీజన్ పని మళ్లీ అదే చచ్చిపోతున్న డిస్కు మీద మొదలయ్యేది. చవకగా తేలిన రిపేరుతో నాకు ఎప్పుడూ ఉండే భయం ఇదే, అది అసలు జబ్బును కప్పేస్తుంది. అందుకే పనిని విడగొట్టి ఆ అబ్బాయి ముందు పెట్టాను. రిపేర్ అనేది ఒక పని కాదు, ఈ సిస్టమ్‌లో వేర్వేరు పనులున్నాయి, ఒక్కోదానికి విడిగా నిర్ణయం తీసుకోవాలి.

నేను చూసేది ఒకటే, ఆ పని చెడిపోతే పోయేది బజార్లో దొరికేదా కాదా. బ్యాటరీ మార్చడంలో తప్పు జరిగితే సెట్టింగులు పోతాయి, మళ్లీ పెట్టుకోవచ్చు. ర్యామ్ తీసి పెట్టడంలో తప్పు జరిగితే ర్యామ్ పోవచ్చు, డీడీఆర్3 4 జీబీ పాతది కొన్ని వందలకే దొరుకుతుంది. డిస్క్ కాపీలో తప్పు జరిగితే పదేళ్ల పని పోతుంది, అది ఏ షాపులోనూ అమ్మరు. అందుకని డిస్క్ ఒక్కటి నాకు వదిలెయ్, మిగతావి నువ్వు చెయ్, ఎలాగో చూపిస్తా అన్నాను.

డిస్క్ పని ఎలా జరిగిందో కొంచెం వివరంగా రాస్తాను, దీన్ని ఇంట్లో చేయబోయి పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. అనారోగ్యంగా ఉన్న డిస్కు మీద చెక్‌డిస్క్ (తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం) కొట్టకూడదు, డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోటికి సర్దేది) అసలు వద్దు, విండోస్‌లో ఫోల్డర్లు పట్టుకుని కాపీ పేస్ట్ కూడా వద్దు, ఎందుకంటే ఒక పాడైన ఫైల్ దగ్గర గంటలు ఇరుక్కుపోయి ఆ లోపల డిస్క్ ఇంకా అరిగిపోతుంది. నేను వాడేది లైనక్స్‌లో ఉండే డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాం. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ లాగేస్తుంది, మొరాయించిన చోటును వదిలి ముందుకు పోతుంది, అంతా అయ్యాక వెనక్కొచ్చి వదిలేసిన వాటిని నెమ్మదిగా ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి రాదు. రాత్రంతా వదిలేశాను, డిస్క్ వేడెక్కకుండా పక్కన ఫ్యాన్ పెట్టి. చివరికి రానిది చాలా తక్కువ. దెబ్బతిన్న ఫైళ్లు కొన్ని స్కాన్ ఫొటోలు, ఒకటి రెండు పాత కార్డులు. పేజ్‌మేకర్, ఫాంట్లు, విండోస్ చెక్కుచెదరలేదు. అలా తీసిన ఇమేజ్, అంటే డిస్క్ మొత్తం నకలు, నుంచి పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) సైజు తగ్గించి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే ప్లేట్లు లేని వేగమైన డిస్క్, మీదికి దించాను. ఇదే డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తున్నా, బయోస్‌లో కనపడకపోయినా నేను కూడా ముట్టుకోను, అది డస్ట్ లేని గదిలో తెరిచి చేసే డేటా రికవరీ వాళ్ల పని, ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ ఆ అబ్బాయే కొన్నాడు, ఏది కొనాలో అడిగితే ఖరీదైనది వద్దన్నాను. హెచ్61 బోర్డులో డిస్క్ తగిలించే పోర్టులన్నీ పాత సాటా 2 రకమే, సెకనుకు 300 ఎంబీ దాటదు, ఎస్‌ఎస్‌డీ బాక్స్ మీద 550 అని రాసి ఉన్నా ఈ బోర్డు మీద రాదు. అయినా తేడా భారీగా ఉంటుంది, ఎందుకంటే పాత డిస్క్ నెమ్మదితనం పెద్ద ఫైళ్ల దగ్గర కాదు, వేల చిన్న చిన్న ఫైళ్లు వెతుక్కునే దగ్గర. ర్యామ్ ఇంకో 4 జీబీ వేద్దామా అని కూడా అడిగాడు. పేజ్‌మేకర్‌కి, జిరాక్స్ స్కాన్‌లకి 4 చాలు, ఆ డబ్బు ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా, మీద పెట్టమన్నాను.

ఎస్‌ఎమ్‌పీఎస్ సంగతి. ప్రింట్ ఇచ్చేటప్పుడు ఆఫ్ అవుతోందంటే చాలామంది ప్రాసెసర్ వేడి అనుకుంటారు, ఇక్కడ వేడి కూడా ఉంది, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము, ఉప్పుగాలి తేమ కలిసి అట్టలా పేరుకుంది. పాకల బీచ్ అంత దగ్గర్లో ఉన్న ఊరు, షాపుకి తలుపు ఉండదు, షట్టరే. క్యాబినెట్ వెనక స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి, ర్యామ్ పిన్నుల మీద మసక. కానీ దుమ్ము దులిపాక కూడా లోడ్ ఇచ్చి (సిస్టమ్‌కి బరువైన పని పెట్టి) మీటర్ పెడితే పసుపు వైరు, నల్ల వైరు మధ్య 11.2 వోల్టులు చూపించింది. 12 వోల్టుల లైన్ ఐదు శాతం అటూ ఇటూ పోవచ్చు, అంటే 11.4 కంటే తగ్గకూడదు. ఈ కొలత ఎవరైనా తీసుకోవచ్చు, 300 రూపాయల డిజిటల్ మీటర్ చాలు, బయట ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో చూసుకోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మూత మాత్రం తీయొద్దు. దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ పీకేశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. రిపేర్ చేసి 250కి ఇస్తాం అనేవాళ్లు ఉన్నారు, నేను మార్చడమే చెప్తాను, ఇది చెడితే తనతో పాటు బోర్డునీ డిస్కునీ తీసుకుపోతుంది. మార్చడం మాత్రం ఇంట్లో చేసుకునే పనే, వెనక నాలుగు స్క్రూలు, బోర్డుకి 24 పిన్నుల ప్లగ్, ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల ప్లగ్, డిస్కుకి సాటా ప్లగ్. తీసేముందు ఫొటో తీసుకుంటే చాలు. ప్లగ్‌లు తలకిందులుగా ఎక్కవు, బలవంతం చేయకపోతే తప్పు జరగదు.

ఇదంతా ఆ అబ్బాయి నా బల్ల మీదే చేశాడు. ముందు పవర్ కేబుల్ పీకించాను, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టించాను, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని మొదలుపెట్టమన్నాను. పెయింట్ బ్రష్‌తో దుమ్ము, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో ఆపి పట్టుకోవడం, ర్యామ్ పిన్నులు పెన్సిల్ రబ్బరుతో రుద్ది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్ తీసి కొత్తది బఠాణీ గింజంత వేయడం. బ్యాటరీ మార్చాడు, బయోస్‌లో డేట్ పెట్టాడు, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ చేశాడు, ఎఫ్10 నొక్కి సేవ్ చేశాడు. విండోస్ వచ్చింది, పేజ్‌మేకర్‌లో పోయినేడు చేసిన శుభలేఖ తెరిచాడు, తెలుగు తెలుగులాగే కనిపించింది. ఆ తర్వాత బయోస్ పేజీలన్నీ ఒక్కొక్కటే ఫోన్‌లో ఫొటోలు తీయించాను. పాత సిస్టమ్ ఉన్న ప్రతివాళ్లూ అది బాగున్న రోజునే ఈ ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

డబ్బులు. ఎస్‌ఎస్‌డీ 1,900, ఎస్‌ఎమ్‌పీఎస్ 1,300, బ్యాటరీ 40, చెకింగ్‌తో కలిపి డిస్క్ కాపీకి నాకు 1,500. మొత్తం 4,740. మొత్తం నాకే వదిలేసి ఉంటే క్లీనింగ్, ఫిట్టింగ్ కింద ఇంకో 800 దాకా తీసుకునేవాణ్ణి. అంటే సొంతంగా చేసుకోవడంలో మిగిలింది 800, అది పెద్ద మొత్తం కాదు. అయినా చేయించడానికి కారణం వేరే ఉంది, సింగరాయకొండ నుంచి సీపీయూ బస్సులో వేసుకుని రావడం, పనిరోజు పోవడం, ఆ రోజు వచ్చిన కార్డుల ఆర్డర్ పక్క షాపుకి పోవడం, ఇవన్నీ దుమ్ము దులపడానికి కూడా జరుగుతుంటే ఆ ఖర్చు 800 కంటే చాలా ఎక్కువ. ఉప్పుగాలి ఉన్నచోట ఆ క్లీనింగ్ ఏడాదికి రెండుసార్లన్నా పడుతుంది.

ఇంత పెట్టే బదులు వేరే సిస్టమ్ కొనుక్కోవచ్చు కదా అని ఓనరు ఫోన్‌లో అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. ఆఫీసుల నుంచి వచ్చే, బాగుచేసి మళ్లీ అమ్మే రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు బాగానే దొరుకుతున్నాయి. నెట్ పని, ఆన్‌లైన్ అప్లికేషన్లు ప్రధానమైతే నేనే కొనమనేవాణ్ణి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది, క్రోమ్ 109 తర్వాత దాని మీద కొత్త వెర్షన్ రాదు. విండోస్ 10 సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా వేయాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ భాగం కావాలి, ఈ మూడో తరానికి ఆ దారి లేదు. కానీ వీళ్లకు కావాల్సింది పేజ్‌మేకర్, అనూ, ఆ పాత ఫైళ్లు. సీడీలు లేకుండా కొత్త మెషీన్ మీద అవి మళ్లీ కుదరడం కష్టం. అందుకే ఈ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయమన్నాను, ఇది డీటీపీకి మాత్రమే. నెట్ పని, ఆధార్ ప్రింట్లు, ఫోన్‌పే సంగతులు అబ్బాయి పాత ల్యాప్‌టాప్ మీద. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో, అదీ ముందు ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేసి. రేపు బోర్డు పోతే మాత్రం లెక్క మారుతుంది. హెచ్61 బోర్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి గానీ, బోర్డు, లేబర్ కలిపి రీఫర్బిష్డ్ మెషీన్ ధరలో సగం దాటితే నేను వద్దనే చెప్తాను. అప్పటికి ఎస్‌ఎస్‌డీ ఇమేజ్ చేతిలో ఉంటుంది కాబట్టి ఆ మాట చెప్పడానికి టెన్షన్ ఉండదు.

ఈ విభజన అన్ని మెషీన్లకూ ఇలాగే పనికిరాదు. కంపెనీ డెస్క్‌టాప్‌లు కొన్నింట్లో ఎస్‌ఎమ్‌పీఎస్ ఆకారం, ప్లగ్‌లు వేరు, బజార్లో దొరికేది పట్టదు, మోడల్ నంబరుతో వెతకాలి. ల్యాప్‌టాప్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ దాకా ఫర్వాలేదు, టచ్‌ప్యాడ్ పైకి లేస్తున్నా కింది మూత ఉబ్బినా అది బ్యాటరీ ఉబ్బడం, వెంటనే ఛార్జింగ్ ఆపి షాపుకి తీసుకెళ్లండి, స్క్రూడ్రైవర్ దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు. ఫోన్‌లో విని ఫార్మాట్ అనేవాళ్ల దగ్గర, సొంతవాళ్లయినా సరే, డేటా కాపీ ఎక్కడ పెడతారో అడగండి. జవాబు రాకపోతే ఇవ్వకండి.

పాత హార్డ్ డిస్క్ వాళ్లకే తిరిగి ఇచ్చాను, ఎవరిదైనా అలాగే ఇస్తాను, మీరు అడిగి తీసుకోవాలి. కొన్నాళ్లు బీరువాలో ఉంచమన్నాను, ఏదన్నా ఫైల్ రాలేదని తేలితే మళ్లీ ప్రయత్నించొచ్చు. జిరాక్స్ సెంటర్ డిస్కులో కార్డులే కాదు, ఊళ్లోవాళ్ల ఆధార్, పాస్‌బుక్, పట్టాదారు పుస్తకాల స్కాన్‌లు ఏళ్ల తరబడి ఉంటాయి. డిలీట్ చేసినా అవి తిరిగి లేపొచ్చు. చదవడానికే మొరాయించే డిస్కును పూర్తిగా చెరిపే ప్రోగ్రాం నడపడం కూడా కుదరదు. కాబట్టి అవసరం తీరాక పాత సామాన్లవాడికి వేయకుండా నా దగ్గరికి తెమ్మన్నాను, వాళ్ల ముందే డ్రిల్‌తో లోపలి ప్లేట్లకు రంధ్రాలు వేసి ఇస్తాను, దానికి డబ్బులేం తీసుకోను.